ద్రాక్షతోటల మాన్యంతో నడిచిన ధర్మాసుపత్రి
ఫ్రాన్సులోని బోన్ పట్టణ విశేషాలు

గుడికి మాన్యం రాసి ఇవ్వడం మన ఊళ్లలో ఎరిగిన సంగతే. ఆసుపత్రికి ద్రాక్షతోటలు మాన్యంగా రాసి ఇచ్చిన ఊరు ఒకటి ఫ్రాన్సు దేశంలో ఉంది. దాని పేరు బోన్. బర్గండీ ప్రాంతంలో, దిజోన్ నగరానికి దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ పట్టణ జనాభా 20 వేలకు అటూఇటూగా ఉంటుంది. మన పాత తాలూకా కేంద్రాలంత ఊరు. అయినా ద్రాక్షసారాయి వ్యాపారంలో దీని పేరు తెలియనివారు ఉండరు.

ఊరి చుట్టూ పాత కోటగోడలు, బురుజులు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ఊరి అడుగున నేలమాళిగలు. వాటి నిండా పీపాలు. గోడ దాటి బయటికి వస్తే పడమటి వైపు కొండవాలు పొడుగునా ద్రాక్షతోటలే. ఒకప్పుడు హైదరాబాదు చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహి తోటలను పందిళ్ల మీదికి పాకించి పెంచేవారు. ఇక్కడ పందిళ్లు లేవు. మొక్కను నడుము ఎత్తు దాటనివ్వకుండా కత్తిరించి, వరుసలుగా తీగలకు కట్టి పెంచుతారు. కాయ చిన్నది. తినడానికి కాదు, పులియబెట్టడానికే.

యుద్ధం, కరువు, ఆసుపత్రి

పట్టణానికి వచ్చిన వారెవరైనా మొదట చూసేది ‘ఓతెల్ ద్యూ’ అనే పాత ఆసుపత్రినే. 1443లో దీనిని స్థాపించినవాడు నికోలా రోలాన్. బర్గండీ ప్రభువు ఫిలిప్ దగ్గర మంత్రి. అవి ఫ్రాన్సు, ఇంగ్లండుల మధ్య నూరేళ్ల యుద్ధం చివరి రోజులు. జీతాలు అందని సైనికులు దండులుగా ఊళ్ల మీద పడి దోచుకునేవారు. కరువూ మహమ్మారీ తోడై బోన్ ప్రజల్లో చాలామంది తిండికి లేని స్థితికి వచ్చారు. రోలాన్, ఆయన భార్య గిగోన్ ద సాలాన్ కలిసి పేదలకోసం ఈ ఆసుపత్రి కట్టించారు. 1452 జనవరి 1న మొదటి రోగిని చేర్చుకున్నారు.

రోలాన్ అంత మంచివాడా అంటే చెప్పడం కష్టమే. పదవిలో ఉండి బాగా కూడబెట్టాడని పేరు. ఇంతమందిని పేదలను చేసినవాడు వారికి ఒక ఆసుపత్రి కట్టించడం న్యాయమేనని పదకొండవ లూయీ రాజు ఎత్తిపొడిచాడని చెప్పుకుంటారు. గిగోన్ సంగతి వేరు. భర్త పోయాక ఆమె రోగుల సేవలో గడిపి 1470లో కన్నుమూసింది. ఆమె సమాధి ఆసుపత్రి ప్రార్థనా మందిరంలోనే ఉంది.

వీధిలోంచి చూస్తే భవనం సాదాగా, నల్లరాతి పలకల కప్పుతో కనబడుతుంది. లోపలి పెరట్లోకి అడుగుపెడితే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, గోధుమ రంగుల మెరిసే పెంకులు ముగ్గులు వేసినట్టు అల్లుకుని ఉంటాయి. ఇప్పుడున్న పెంకులు 20వ శతాబ్దం మొదట్లో తిరిగి నేసినవి. దోపిడీగాళ్ల కన్ను పడకుండా సొగసంతా లోపలే పెట్టారని అంటారు.

పేదల వార్డు సుమారు 50 మీటర్ల పొడవు. కప్పు తిరగేసిన పడవలా ఉంటుంది. రెండు గోడల వెంట ఎర్ర తెరల మంచాలు. ఒక్కో మంచం మీద ఇద్దరేసి రోగులను పడుకోబెట్టేవారు. హాలు చివరనే ప్రార్థనా మందిరం కట్టడం వల్ల లేవలేనివారు సైతం పడుకునే పూజ చూసేవారు. కింద పారే బూజేజ్ అనే చిన్న ఏరు ఆసుపత్రి మురికిని కొట్టుకుపోయేది.

మందుల గదిలో 18వ శతాబ్దపు పింగాణీ జాడీలు వరుసగా ఉన్నాయి. వాటిమీది పేర్లు చూస్తే నవ్వు, భయం రెండూ కలుగుతాయి. తడి రాళ్ల కింద తిరిగే పురుగుల పొడి ఒకదానిలో. ముషిణి గింజల పొడి మరొకదానిలో. మన అడవుల్లో కాసే ఆ విషపు గింజ సముద్రాలు దాటి ఇక్కడి రోగుల దాకా వచ్చిందన్నమాట.

ఆసుపత్రిలోని ‘చివరి తీర్పు’ అనే చిత్రం వాన్ డెర్ వైడెన్ చేతి పని. 15వ శతాబ్దం నడుమ వేయించారు. తొమ్మిది పలకల ఈ చిత్రాన్ని ఆదివారాలు, పండుగరోజుల్లో మాత్రమే తెరిచి రోగులకు చూపేవారు. చనిపోయినవారి పాపపుణ్యాలను మైకేలు దేవదూత త్రాసులో తూస్తూ ఉంటాడు. మన చిత్రగుప్తుడి చిట్టా లాంటిదే. పాపాల తట్టే కిందికి దిగి ఉంటుంది. చావుకు దగ్గరైన పేదవాడికి ఇది ఊరటనిచ్చిందో, హడలెత్తించిందో!

1971 వరకు ఇక్కడ రోగులు ఉండేవారు. ఆ తర్వాత వైద్యం కొత్త భవనాలకు మారి, పాతది ప్రదర్శనశాల అయింది.

నవంబరు వేలం

1457లో ఒక మహిళ తన ద్రాక్షతోటను ఆసుపత్రికి రాసి ఇచ్చింది. అప్పటినుంచి దాతలు ఇస్తూ వచ్చిన తోటలు నేడు సుమారు 60 హెక్టార్లు, అంటే 150 ఎకరాలు. ఆ తోటల సారాయిని 1859 నుంచి బహిరంగ వేలంలో అమ్ముతున్నారు. ఏటా నవంబరు మూడో ఆదివారం ఊరు తిరునాళ్లలా ఉంటుంది. 228 లీటర్ల పీపా లెక్కన పాట పాడతారు. దాతల పేర్లే ఆ సారాయి రకాలకు పెట్టారు. ధర్మకార్యానికి విడిగా ఉంచిన ఒక పీపాకు కొవ్వొత్తి వెలిగించి, అది ఆరేలోగా పాట ముగించడం ఆనవాయితీ. 2022లో ఆ ఒక్క పీపా 8 లక్షల యూరోలు దాటింది. మద్యం అమ్మి వైద్యం చేయడమేమిటని మన వారికి అనిపించవచ్చు. అక్కడ అది పంట, తిండిలో భాగం.

వేరు మార్చి నిలిచిన తోట

ఈ తోటలు ఒకసారి పూర్తిగా పోవలసినవే. అమెరికా నుంచి వచ్చిన ఫిలోక్సెరా అనే పేనుజాతి పురుగు 1878లో ఈ జిల్లాలో కనబడింది. వేళ్ల రసం పీల్చి మొక్కను చంపేది. మట్టిలోకి మందు ఎక్కించినా పూర్తిగా లొంగలేదు. పురుగును తట్టుకునే అమెరికా ద్రాక్ష వేరు మీద స్థానిక కొమ్మను అంటుకట్టడమే దారి అని తేలింది. పరాయి వేరుతో రుచి చెడుతుందని చాలామంది ఒప్పుకోలేదు. చివరికి ఒప్పుకోక తప్పలేదు. నేడు బోన్ చుట్టూ కాస్తున్న ద్రాక్ష దాదాపు అంతా అంటుమొక్కలదే.

భూమి పంపకాలు ఇక్కడా ఉన్నాయి. దగ్గరలోని క్లో ద వూజో తోట మఠ సన్యాసులది, 50 హెక్టార్ల ఒకే చెక్క. ఫ్రెంచి విప్లవంలో ప్రభుత్వం స్వాధీనం చేసుకుని అమ్మేసింది. చేతులు మారి, వాటాలు పడి, ఇప్పుడు దానికి సుమారు 80 మంది యజమానులు. గోడ మాత్రం ఒకటే. ఈ కొండవాలు చెక్కలకు ఒక్కోదానికి ఒక్కో పేరు, ఒక్కో రుచి ఉంటాయి. 2015లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది.

ఇప్పటి భయం ఎండది. బోన్‌లో 1354 నుంచి ద్రాక్ష కోత తేదీలు తెలుస్తున్నాయి. చర్చి కూలీలకు చెల్లించిన పద్దులు, పురపాలక దస్తావేజులు ఇందుకు ఆధారం. 2019లో వెలువడిన పరిశోధన ప్రకారం, సెప్టెంబరు 28 ప్రాంతంలో మొదలయ్యే కోత 1988 తర్వాత సగటున 13 రోజులు ముందుకు జరిగింది. చిగురు కూడా తొందరగా వస్తోంది. 2021 ఏప్రిల్ మంచుకు ఆ లేత చిగురు మాడిపోయి దిగుబడి బాగా పడిపోయింది. ఆ రాత్రుల్లో రైతులు సాళ్ల మధ్య మంటలు పెట్టి కాపలా కాశారు.

మరికొన్ని విశేషాలు

12వ శతాబ్దపు నోత్ర్ దామ్ చర్చిలో మరియమ్మ జీవితకథ నేసిన తెరలు చూడదగినవి. గణిత శాస్త్రజ్ఞుడు గాస్పార్ మోంజ్ 1746లో ఇక్కడే తిరుగుడు వ్యాపారి ఇంట పుట్టాడు. ఇంజనీరింగు విద్యార్థులు కాగితం మీద గీసే నకళ్ల వెనుక ఉన్న గణితం ఆయనదే. ఆయన విగ్రహం చౌకులో ఉంది. ద్రాక్షసాగు గురించి తెలిపే కొత్త ప్రదర్శనశాల 2023లో తెరిచారు.

పారిస్ నుంచి దిజోన్‌కు వేగబండిలో గంటన్నర పైచిలుకు ప్రయాణం. అక్కడినుంచి బోన్‌కు మామూలు రైళ్లు ఉన్నాయి. వేలం వారంలో బసకు గదులు దొరకడం కష్టం.