అడ్వాన్సు కట్టే ముందు...

సార్వా ధాన్యం అమ్మిన డబ్బు చేతిలో ఆడే నెలల్లోనే రేపల్లె, బాపట్ల, తెనాలి వైపు ఇళ్లకు ఇంజినీరింగ్ కాలేజీల ఫోన్లు మొదలవుతాయి. పిల్లాడు ఇంకా ఇంటర్ పరీక్షలే రాయలేదు, ఈఏపీసెట్ మాట సరేసరి. ‘ఇప్పుడు కొంత కట్టేస్తే సీఎస్‌ఈ ఖాయమండీ, రేపు ర్యాంకు ఎలా ఉంటుందో ఏమో’ అంటారు. ఆ ‘ఏమో’కే తండ్రి గుండె జారుతుంది.

భయం సరే, లెక్క చూద్దాం. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. అడ్వాన్సు కట్టించుకుని ముందే ఇస్తామనేది ఈ రెండోదే. 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్, పేర్లు ఎన్ని మారినా, కన్వీనర్ సీటు వెంటే నడుస్తోంది. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపున్నా మేనేజ్‌మెంట్ సీటుకు అది రాదు. అదే తరగతి, అదే బెంచీ. ఒకరి ఫీజు సర్కారుది, పక్కవాడిది నాన్న అప్పు.

వడ్లమూడి విజ్ఞాన్ లాంటి డీమ్డ్ యూనివర్సిటీల దారి వేరు. సొంత పరీక్ష, ర్యాంకును బట్టి సొంత స్కాలర్‌షిప్. అలాంటిచోట అడగాల్సింది మొదటి ఏడాది రాయితీ గురించి కాదు. రెండో ఏడాదికి అది నిలవాలంటే ఎన్ని మార్కులు రావాలి?

రీయింబర్స్‌మెంట్ తప్ప వేరే ఆధారం లేని కౌలు రైతు ముందస్తు సీటు జోలికి వెళ్లకూడదన్నది మా మాట. 1981 నుంచి ఉన్న బాపట్ల ఇంజినీరింగ్ కాలేజీలోనైనా కన్వీనర్ సీటు కౌన్సెలింగ్‌లోనే దొరుకుతుంది. అలాగని చివరిదాకా సాగదీయడమూ ప్రమాదమే. వెబ్ ఆప్షన్లు వదిలేసి స్పాట్ అడ్మిషన్‌లో చేరితే రీయింబర్స్‌మెంట్ అక్కడా పోతుంది. వచ్చే సాయమూ వేళకు రాదు. బకాయిలు పేరుకుంటే కాలేజీ ముందు తల్లిదండ్రులనే అడుగుతుంది. ఒక విడత ఫీజు పక్కన పెట్టుకోక తప్పదు.

ఈ చిక్కు మనదొక్కటే కాదు. ముందస్తు ప్రవేశాలు ఉన్నవాళ్లకే మేలు చేస్తున్నాయంటూ అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీ 2006లో వాటిని ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది. పోటీ యూనివర్సిటీలు చాలావరకు ఆ దారి పట్టలేదు. చివరికి హార్వర్డే 2011లో వాటిని మళ్లీ తెచ్చుకుంది. అంత డబ్బున్న సంస్థే నిలబడలేకపోయింది!

ఆదాయ పరిమితి దాటి, ఎలాగూ సొంతంగా కట్టుకోవాల్సిన ఇంటికి ముందస్తు సీటు తప్పేం కాదు. 8 లక్షల లోపు ఆదాయమైతే, కాలేజీ జాబితాలో ఉంటే, 2024లో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద 10 లక్షల దాకా రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ అడగొచ్చు. అడ్వాన్సుకు మాత్రం రశీదు తీసుకోండి, ఒరిజినల్ సర్టిఫికెట్లు వదిలిపెట్టకండి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం, ప్రవేశాల గడువుకు 15 రోజులు లేదా అంతకు ముందే సీటు వదులుకుంటే కొద్దిపాటి ప్రాసెసింగ్ ఖర్చు పోను ఫీజు మొత్తం వెనక్కివ్వాలి. గడువు దాటి నెల గడిచాక రూపాయి కూడా రాదు. ఆ గడువు తేదీ ఏదో కట్టే రోజే కాగితం మీద రాయించుకోండి.