కిటికీ వెలుగులో నీటితోట

నీటిమొక్క బతకడానికి ఎల్‌ఈడీ దీపం ఉండి తీరాలన్న నియమం లేదు. కిటికీ పక్కన పెట్టిన గాజు తొట్టిలో హైడ్రిల్లా, వాలిస్నేరియా, లిమ్నోఫిలా వంటివి కరెంటు బిల్లు పెంచకుండానే ఏళ్ల తరబడి పచ్చగా ఉంటాయి. డిసెంబరు చివర పగలు ఎనిమిది గంటలకు మించని లండన్ లాంటి ఊళ్లలో ఈ పద్ధతికి వెలుతురు చాలదు. తిరుమలగిరిలో చిక్కు దానికి తలకిందులుగా ఉంటుంది. ఇక్కడి కిటికీ ఇచ్చేది తొట్టికి కావలసినదానికంటే ఎక్కువ. కాబట్టి ఈ ప్రాంతంలో కిటికీ తొట్టి పెంపకమంటే చాలావరకు వెలుగును అదుపులో పెట్టే పనే.

సూర్యాపేట - జనగామ రోడ్డు మీదున్న తిరుమలగిరి, 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చేదాకా నల్లగొండ జిల్లాలోది. ఉత్తర అక్షాంశం దాదాపు పదిహేడున్నర డిగ్రీలు. నాగార్జునసాగర్ దగ్గర ఇంకో తిరుమలగిరి ఉంది. తేడా డిగ్రీకి అటూ ఇటూ కాబట్టి అక్కడి ఇళ్లకూ ఇదే లెక్క పనికొస్తుంది. జూన్‌లో పగలు 13 గంటలు దాటుతుంది, డిసెంబరులో కూడా 11 గంటలు ఉంటుంది. సూర్యుడు మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఈ రెంటి నడుమ మధ్యాహ్నపు నీడ దక్షిణం వైపు పడుతుంది. డిసెంబరు చివర మాత్రం మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తు దాటడు.

ఏ కిటికీ మంచిదో ఈ లెక్కే చెబుతుంది. దక్షిణపు గోడకు నాలుగడుగుల ఎత్తు కిటికీ, దాని పైన రెండడుగుల సజ్జ ఉన్నాయనుకుందాం. మే నెల మధ్యాహ్నం ఎండ సజ్జ మీదే ఆగిపోతుంది, గదిలోకి ఒక్క గీత కూడా రాదు. అదే డిసెంబరులో సజ్జ నీడ కిటికీలో పై రెండడుగుల చిల్లరను మాత్రమే కప్పుతుంది. కింది భాగంలోంచి దూరిన ఎండ గచ్చు మీద గోడ నుంచి నాలుగడుగుల దాకా పరుచుకుంటుంది. ఎండాకాలంలో చల్లగా ఉన్న మూల అని అక్కడ తొట్టి పెడితే, సంక్రాంతి నాటికి గాజంతా పాకురు పట్టేది ఇందుకే. తూర్పు కిటికీలో ఏడాది పొడవునా పొద్దుటి ఎండ పడుతుంది. రెండు గంటల లేత ఎండ మొక్కకు మేలే. తొమ్మిది దాటాక తెర దించాలి. పడమటి కిటికీ జోలికి పోకపోవడం మంచిది. సాయంత్రపు ఎండ పడేసరికి గోడ, గాజు, గది గాలి అన్నీ అప్పటికే వేడెక్కి ఉంటాయి.

మిగిలింది ఉత్తరపు కిటికీ. తిరుమలగిరిలో తొట్టికి అన్నింటికంటే అనువైనది ఇదే. మే నుంచి జులై దాకా పొద్దున, సాయంత్రం ఏటవాలుగా కాస్త ఎండ తగులుతుంది. తక్కిన కాలమంతా ఆకాశపు వెలుగు నిలకడగా వస్తుంది.

వెలుగును కంటితో అంచనా వేయబోతే మోసపోతారు. గది చీకటైన కొద్దీ కంటిపాప విచ్చుకుని తేడాను కప్పిపెడుతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండ దాదాపు లక్ష లక్సులు. ఎండ తగలని కిటికీ అంచున అది రెండు మూడు వేలకు పడిపోవచ్చు, గది నడుమ వంద రెండు వందలే మిగలవచ్చు. కిటికీ నుంచి రెండడుగులు వెనక్కి జరిపితేనే మొక్కకు అందేది బాగా తగ్గిపోతుంది. ఫోన్‌లో ఉండే కాంతి సెన్సర్‌తో ఉచితంగా లక్సులు కొలిచే యాప్‌లు ఉన్నాయి. అవి పక్కాగా ఉండవు గానీ, రెండు చోట్లను పోల్చి చూడటానికి పనికొస్తాయి.

కిటికీ వెలుగుకు ఇంకో గుణం ఉంది. దీపం కాంతి పైనుంచి పడుతుంది, కిటికీది పక్కనుంచి. మొక్కలు అటే ఒరుగుతాయి. కిటికీ వైపు గాజుకు బయటినుంచి నల్ల చార్టు అతికిస్తే, వెలుగు నీటి పైభాగం నుంచే దిగుతుంది. నీటిలోకి దిగేటప్పుడు కిరణం వంగి నిటారుకు దగ్గరవుతుంది: 45 డిగ్రీల వాలుతో వచ్చినది నీటిలో 32 డిగ్రీలకు వస్తుంది. ఏటవాలు కిటికీ వెలుగు కూడా అడుగుదాకా చేరడం ఇలాగే. అడుగున మట్టి పొర ఉన్నంత ఎత్తుకు నాలుగు వైపులా చార్టు చుట్టడం తప్పనిసరి. లేకపోతే గాజుకూ మట్టికీ మధ్య ఆకుపచ్చ పొర పేరుకుంటుంది, దాన్ని గోకడానికి దారి ఉండదు.

పాకురు, పచ్చనీళ్లు

ఎండ తగిలిన తొట్టిలో నీళ్లు వారం పదిరోజుల్లో పచ్చబడటానికి కారణం కంటికి కనిపించని ఏకకణ శైవలాలు. వెలుగు, నత్రజని, భాస్వరం మూడూ దొరికితే అవి పెద్ద మొక్కలకంటే వేగంగా పెరుగుతాయి. నీళ్లు మార్చినందువల్ల తెరిపి రెండు రోజులే. కొత్త నీళ్లతో కొత్త పోషకాలూ వస్తాయి. మందు అంతకంటే దండగ. వెలుగు తగ్గించి, చేపలకు మేత తగ్గించి, మొక్కలు పెంచడం ఒక్కటే పనిచేస్తుంది. అందుకే మొదటి రోజే తొట్టిలో ముప్పాతిక భాగం మొక్కలతో నింపాలి. నాలుగు కాడలు గుచ్చి అవే పెరుగుతాయని చూస్తూ కూర్చుంటే ఆ ఖాళీని పాకురు ఆక్రమిస్తుంది.

మొక్కా జీవీ ఒకదానికొకటి ఆసరాగా ఉండే తొట్టిని పద్ధతి ప్రకారం పరీక్షించినవారిలో లండన్ రసాయనవేత్త రాబర్ట్ వారింగ్టన్ తొలితరం మనిషి. రెండు బంగారు చేపలు, వాలిస్నేరియా మొక్క పెట్టి ఆయన చేసిన ప్రయోగం 1850లో అక్కడి కెమికల్ సొసైటీ ముందుకు వచ్చింది. చేపలు బాగానే ఉన్నాయి. కుళ్లిన ఆకులు మాత్రం నీళ్లను పాడుచేశాయి. ఆయన చెరువు నత్తలను తెచ్చి వేశాడు, అవి కుళ్లును తినేసి నీళ్లు తేటపరిచాయి. తిరుమలగిరి చుట్టుపక్కల వరి మడుల్లో దొరికే చిన్న నత్తలు చేసే పనీ ఇదే. దుకాణంలో కొనే పని లేదు.

నీళ్లలో దాగిన బొగ్గు

నల్లగొండ భూగర్భజలం అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. నీటిమొక్క వైపు నుంచి చూస్తే ముందు పట్టించుకోవాల్సింది బైకార్బనేట్‌ను. వాయువులు నీటిలో గాలిలోకంటే దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతాయి. ఆకు చుట్టూ ఉన్న కార్బన్ డయాక్సైడ్ అయిపోతే కొత్తది చేరడానికి చాలాసేపు పడుతుంది. జపాన్ నీటితోటల రూపకర్త తకాషి అమానో శైలి తొట్లలో సిలిండర్ పెట్టి ఆ వాయువును ఎక్కించేది ఈ కొరత తీర్చడానికే. అయితే హైడ్రిల్లా, వాలిస్నేరియాలకు నీటిలో కరిగిన బైకార్బనేట్‌ నుంచే కార్బన్‌ను లాక్కోగల శక్తి ఉంది. గట్టి బోరు నీళ్లలో బైకార్బనేట్‌కు కొదవ ఉండదు. సిలిండర్ అక్కర్లేకుండానే అవి ఇక్కడ ఏపుగా పెరగడంలో రహస్యం అదే.

దానికో గుర్తు ఉంది. వెలుగు బాగా తగిలే చోట నెలరోజులు పెరిగిన వాలిస్నేరియా ఆకును రెండు వేళ్ల మధ్య పట్టి కిందికి లాగితే గరుకుగా తగులుతుంది. ఆకు మీద సున్నపు పొడిలా తెల్లని పూత కనిపిస్తుంది. మొక్క బైకార్బనేట్‌ను వాడుకున్నాక మిగిలిన కాల్షియం కార్బొనేట్ ఆకు మీదే పేరుకోగా ఏర్పడిన పూత అది. నీళ్లు కాచిన గిన్నె అడుగున కట్టే తెల్ల గార కూడా ఇదే పదార్థం. మొక్కకు దీనివల్ల పెద్ద నష్టం లేదు. పూత మరీ మందమైతే బోరు నీళ్లలో సగానికి సగం వాననీళ్లో, ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లో కలపాలి. మిషన్ భగీరథ నల్లా నీళ్లను ఒక రాత్రి వెడల్పాటి బకెట్‌లో వదిలేస్తే క్లోరిన్ పోతుంది.

నీటిలో మునిగిన ఆకుల నుంచి ఎండలో బుడగలు లేస్తాయనీ, చీకట్లో ఆగిపోతాయనీ డచ్చి వైద్యుడు యాన్ ఇంగెన్‌హౌస్ 1779లో రాశాడు. బీకరులో హైడ్రిల్లా, దాని మీద బోర్లించిన గరాటు, పరీక్షనాళికతో బళ్లలో చేయించే ప్రయోగం ఆ పరిశీలన కొనసాగింపే. కిటికీ తొట్టిలో అది రోజూ జరుగుతుంది. పదింటికల్లా ఆకు చివర్ల నుంచి బుడగలు వరుసకట్టి లేస్తాయి. సాయంత్రానికి లిమ్నోఫిలా కొసలు ముడుచుకుని మొగ్గల్లా అవుతాయి. దీపాన్ని టప్పున వేసి ఆర్పే తొట్లలో చేపలు బెదురుతాయి. ఇక్కడ తెల్లవారడం, పొద్దుగూకడం మెల్లగా జరుగుతాయి కాబట్టి ఆ బెదురు ఉండదు.

మట్టి, మొక్క

అమెరికా సూక్ష్మజీవశాస్త్రవేత్త డయానా వాల్‌స్టడ్ 1999లో వెలువరించిన పుస్తకం తర్వాత, మామూలు మట్టి వాడే తొట్లకు ప్రపంచమంతటా ఆదరణ పెరిగింది. అడుగున అంగుళం మందాన మట్టి, దాని మీద అంగుళం మందాన ముతక ఇసుక, అంతే. తిరుమలగిరి వాళ్లకు మట్టి కరవు లేదు. ఎర్ర చెలక మట్టికి ఆ రంగు ఇచ్చే ఇనుము నీటిమొక్కకు కావలసిందే. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద చెరువుల్లో తీసిన పూడికను రైతులు పొలాలకు తోలుకున్నారు; అలాంటి చెరువు మట్టిని ఒకటికి మూడుపాళ్లు చెలక మట్టితో కలిపితే సరిపోతుంది. యూరియా, డీఏపీ చల్లిన పొలం మట్టి మాత్రం పనికిరాదు, అందులోంచి ఊరే అమ్మోనియా చేపలను చంపుతుంది. మట్టిని తడిపి, ఏప్రిల్ ఎండలో ఆరబెట్టి, మళ్లీ తడిపి, ఇలా మూడు నాలుగుసార్లు చేస్తే పచ్చి సేంద్రియం కుళ్లి సద్దుమణుగుతుంది. పొర రెండంగుళాలు దాటితే అడుగున గాలి ఆడక కోడిగుడ్డు కుళ్లిన వాసన వస్తుంది.

మొక్కల్లో హైడ్రిల్లా, సెరటోఫిల్లం, నాజాస్ చెరువులో దొరికేవే. లిమ్నోఫిలా, రోటాలా వరి మళ్లలో కలుపుగా పెరికేసేవే. రైతు గట్టు మీద పారేసినదాన్నే నగరాల్లో గుత్తులు కట్టి అమ్ముతారు. పొన్నగంటికూర ఎర్రరకం కూడా అక్వేరియం దుకాణాల్లో కనిపిస్తుంది, కానీ ఎక్కువకాలం పూర్తిగా మునిగి ఉంటే నీరసిస్తుంది. వేళ్లు నీటిలో, తల గాలిలో ఉంచితే బతుకుతుంది. చెరువు మొక్కతో పాటు జలగలు, తూనీగ పిల్లలు వస్తాయి కాబట్టి పటిక కలిపిన నీళ్లలో కాసేపు ముంచి కడగాలి. పటికకు నల్లగొండతో పాత చుట్టరికమే: నీటిలో ఫ్లోరైడ్ తగ్గించడానికి 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో రూపొందించిన విధానానికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు.

మార్చి నుంచి జూన్ దాకా తొట్టికి గడ్డుకాలం. 25 డిగ్రీల నీటిలో లీటరుకు 8.3 మిల్లీగ్రాముల వరకు కరిగే ఆక్సిజన్, 35 డిగ్రీలకు వచ్చేసరికి 7 మాత్రమే కరుగుతుంది. రాత్రి మొక్కలు కూడా దాన్నే పీలుస్తాయి. తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరిస్తే మొక్క గుబురు ఎక్కువైందని, నీళ్లు వేడెక్కాయని అర్థం. మూత తీసి, టేబుల్ ఫ్యాన్ గాలి నీటి మీదుగా పోయేలా పెడితే ఆవిరితో పాటు వేడీ పోతుంది. ఆవిరైన మేరకు వాననీళ్లో క్యాన్ నీళ్లో పోయాలి. ప్రతిసారీ బోరు నీళ్లే పోస్తే లవణాలు చిక్కబడుతూ పోతాయి. వానాకాలం మబ్బు రోజుల్లో పెరుగుదల మందగిస్తుంది, అప్పుడు తొట్టిని కిటికీకి దగ్గరగా జరిపితే చాలు. దోమల భయం చేపలున్న తొట్టికి లేదు, గప్పీలు పిల్లదోమలను మిగలనివ్వవు.

వారానికోసారి కత్తిరించిన తీగలను ఎక్కడ వేయాలన్నది చిన్న విషయం కాదు. 1950లలో శ్రీలంక నుంచి అక్వేరియం మొక్కగా ఫ్లోరిడా చేరిన హైడ్రిల్లా, అక్కడి కాలువల్లోకి జారి, సరస్సులను కమ్మేసి, అమెరికాలో అతి మొండి నీటికలుపుల్లో ఒకటైంది. దక్షిణ అమెరికా నుంచి అందం కోసం వచ్చిన గుర్రపుడెక్క తెలంగాణ చెరువుల్లో చేసిన పని కూడా అదే. కొనుక్కొచ్చిన విదేశీ మొక్క ముక్కను మోరీలోనో చెరువులోనో వేయకూడదు. హైడ్రిల్లా చిన్న కణుపు నుంచైనా చిగురిస్తుంది, మట్టిలో దాగిన దాని దుంపలు ఏళ్లపాటు ప్రాణంతో ఉంటాయి. తీగలను డాబా మీద పూర్తిగా ఎండనిచ్చి పూలకుండీల ఎరువులో కలపాలి. తొట్టి తీసేసేటప్పుడు అడుగు మట్టిని కూడా ఎండబెట్టి ఆ కుండీల్లోనే వేసుకోవాలి.