పక్షిని దగ్గరకు తెచ్చు కటకము

కాకినాడకు సమీపమున, గౌతమీ గోదావరి సముద్రములో కలియు ప్రాంతమున కోరింగ మడ అడవులు కలవు. 1978లో అభయారణ్యముగా ప్రకటింపబడిన ఈ ప్రదేశము నీటిపక్షులకు ఆటపట్టు. క్రొత్తగా డి.ఎస్.ఎల్.ఆర్. కెమేరా కొనిన విద్యార్థి అచటి చెక్కవంతెనపై నిలిచి, మడకొమ్మ మీది లకుముకిపిట్టను ఫొటో తీసెననుకొందము. ఇంటికి వచ్చి చూచినచో ఫొటో నిండ ఆకులే యుండును. పిట్ట ఒక నీలిచుక్క మాత్రమే. లోపము కెమేరాది కాదు, దానితో వచ్చిన చిన్న కటకముది.

దూరపు వస్తువు పొడవును కటకపు నాభ్యంతరముచే గుణించి, దూరముచే భాగించినచో ప్రతిబింబపు పొడవు తెలియును. పిట్ట పొడవు 15 సెంటీమీటర్లు, దూరము 15 మీటర్లు అనుకొన్నచో, 55 మిల్లీమీటర్ల కటకము దాని ప్రతిబింబమును అర మిల్లీమీటరుకు కొంచెము మించి ఏర్పరచును. 250 మిల్లీమీటర్లదైనచో ప్రతిబింబము 2.5 మిల్లీమీటర్లు, 300 అయినచో 3 మిల్లీమీటర్లు. కెమేరాలోని సెన్సారు ఎత్తు సుమారు 15 మిల్లీమీటర్లు. కనుక 55 నుండి 250కి పోవుట గొప్ప లాభము. 250 నుండి 300కు పోవుట స్వల్పలాభము.

నాభ్యంతరమును మార్చుకొనుటకు వీలైన కటకమును జూమ్ కటకమందురు. అది ప్రతిబింబముతోపాటు చేతివణకును కూడ పెద్దది చేయును. 250 మిల్లీమీటర్ల వద్ద చెదరని ఫొటోకు షట్టరు సెకనులో సుమారు 400వ వంతు కాలమే తెరచియుండవలెనని ఫొటోగ్రాఫర్ల లెక్క. వణకును సరిదిద్దు ఏర్పాటున్న కటకముతో, నిలుకడగా కూర్చున్న పక్షిని 50వ వంతు కాలములో సయితము తీయవచ్చును. ఎగురు పక్షికి మాత్రము ఈ ఏర్పాటు ఉపయోగపడదు; అది తన కదలికచేతనే చెదరును.

ఇక వెలుగు సంగతి. కటకముపై 5.6 అని యున్నచో, నాభ్యంతరమును ఆ సంఖ్యచే భాగించగా వెలుగు ప్రవేశించు ద్వారపు వ్యాసము వచ్చును. 250కి అది సుమారు 45 మిల్లీమీటర్లు. 2.8 కావలెనన్నచో 90 మిల్లీమీటర్ల ద్వారము, దానికి తగిన పెద్ద గాజు కావలెను. బరువు, ధర పెరుగుటకు కారణమిదే. చౌక కటకముతో పనిచేయువారు తెల్లవారుజామునకంటె కొంత ప్రొద్దెక్కిన పిమ్మట తీయుట మేలు.

కానన్ కెమేరా కలవారికి 2013లో వెలువడిన 55-250 ఐ.ఎస్. ఎస్.టి.ఎం. కటకము చాలును, బరువు 375 గ్రాములు. నికాన్ వారి ఏ.ఎఫ్.-పి. 70-300 కటకము ఒకటికంటె ఎక్కువ రకములుగా వచ్చినది. వణకును సరిదిద్దునది వి.ఆర్. అను అక్షరములు గలదే. పాత నికాన్ కెమేరాలు కొన్నిటిలో ఈ కటకము తనంతట తాను నాభి సరిచేసికొనదు గనుక, కెమేరాతో కలిపి పరీక్షింపవలెను.

చేతులు మారిన కటకము ధర తక్కువ. కాని డెల్టాలోని తేమగాలికి గాజుపై బూజు పట్టును. ముదిరినచో అది గాజు పూతను తినివేయును. కొనుటకు ముందు కటకమును టార్చి వెలుగునకెదురుగా పట్టి చూడవలెను. సాలెగూటి దారములవంటివి కనబడినచో ఎంత చౌకయైనను విడిచిపెట్టవలెను. కొనిన పిమ్మట గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో దాచవలెను; ఆ పొట్లములు తేమ పీల్చినపుడెల్ల మార్చవలెను.

పెద్ద అంకెను చూచి డబ్బు వెచ్చించుటకు ముందు, పక్షి పొడవును, దూరమును కాగితముపై వేసి గుణించి చూచుకొన్నచో, ఏ కటకము చాలునో ఆ లెక్కయే చెప్పును.