ఇంటి కుక్కతో ఇంటిల్లిపాదికీ ఆరోగ్యం



షుగర్, బి.పి. చూపించుకోవడానికి మన ఓ.పి.కి వచ్చే వారందరికీ డాక్టరు గారు చెప్పే మాట ఒకటుంది. "రోజూ అరగంట నడవండి" అని. సరేనని తల ఊపి వెళ్తారు. నెల తర్వాత వచ్చినప్పుడు "నడుస్తున్నారా?" అని అడిగితే "తీరిక దొరకలేదు సిస్టర్" అని ఒకరు, "ఒక్కదాన్నే పోవాలంటే మొహమాటం" అని ఇంకొకరు చెబుతారు. వారిని తప్పు పట్టే అర్హత నాకు లేదు. మా వారికి షుగర్ వచ్చి ఎనిమిదేళ్ళయింది. ఇంట్లో నర్సు ఉండి కూడా ఆయన నడిచింది తక్కువే. చివరికి ఆయనను నడిపించింది నేను కాదు, మా కుక్క.

అది గేటు దగ్గర గొలుసుతో కట్టేసి ఉండేది. మిగిలిన అన్నం, కూర, పండుగ నాడు బిర్యాని, అన్నీ దానికే. బాగా లావైంది. ఒక వానాకాలంలో కుంటడం మొదలుపెడితే పశువైద్యశాలకు తీసుకుపోయాం. అక్కడి డాక్టరు గారు చూసి, "మేడం, కాలుకు దెబ్బేమీ లేదు. బరువు ఎక్కువై కీళ్ళ మీద పడుతోంది. తిండి తగ్గించి రోజూ నడిపించండి" అన్నారు. రోజూ నేను రోగులకు చెప్పే మాటే అది! నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. ఒకే ఇంట్లో ఇద్దరికి ఒకే చీటీ రాసినట్టయింది. మర్నాటి నుండి ఇద్దరూ కలిసి నడవడం మొదలుపెట్టారు. ఇప్పుడు మా వారు బద్ధకించినా అది ఊరుకోదు. తెల్లవారి ఐదున్నరకు బెల్టు నోట కరుచుకొని మంచం దగ్గర నిలబడుతుంది.

ఎంత నడవాలి?

పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు చురుకుగా నడవాలని, పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు కదిలేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. లెక్క వేయండి. పొద్దున 15 నిమిషాలు, సాయంత్రం 15 నిమిషాలు, వారానికి ఐదు రోజులు నడిస్తే 150 నిమిషాలు పూర్తవుతాయి. మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత వేగం ఉంటే చాలు.

ఇది ఎందుకు ముఖ్యమో ఒక్క అంకె చెబుతాను. మన దేశంలో షుగర్ ఉన్నవారు దాదాపు 10 కోట్ల మంది అని భారత వైద్య పరిశోధనా మండలి వారి సర్వే 2023లో తెలిపింది. షుగర్ అంచున ఉన్నవారు ఇంకా ఎక్కువ, 13 కోట్లకు పైనే.

కుక్కను పెంచేవారికి గుండెజబ్బుల ముప్పు కొంత తక్కువగా ఉండవచ్చని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2013లో ప్రకటించింది. అయితే కుక్క ఇంట్లో ఉన్నంత మాత్రాన గుండె బాగుపడదు. దానితో పాటు మనం నడిస్తేనే లాభం. ఒక మాట గట్టిగా చెబుతున్నాను. నడక మొదలైందని మందులు మానకండి. మా వారి షుగర్ కొంత అదుపులోకి వచ్చింది, కానీ మాత్రలు ఇంకా వేసుకుంటున్నారు. తగ్గించాలా వద్దా అన్నది డాక్టరు గారే చూసి చెప్పాలి.

మొదలుపెట్టే ముందు

గుండెపోటు వచ్చినవారు, ఆపరేషన్ అయినవారు, నడిస్తే ఆయాసం లేదా ఛాతీలో నొప్పి వచ్చేవారు ముందు డాక్టరు గారిని అడగాలి. మిగతా వారు మొదటి వారం పది నిమిషాలతో మొదలుపెట్టి, వారం వారం ఐదు నిమిషాలు పెంచండి. లావుగా ఉన్న కుక్కకూ ఇదే పద్ధతి.

షుగర్ ఉన్నవారు చెప్పులు లేకుండా నడవకూడదు. మెత్తని బూట్లు, నూలు మేజోళ్ళు వేసుకోండి. ఇంటికి రాగానే పాదాలు చూసుకోండి. ఇన్సులిన్ తీసుకునేవారు జేబులో నాలుగు చక్కెర బిళ్ళలు పెట్టుకోండి. చెమటలు పట్టి, చేతులు వణికితే వెంటనే నోట్లో వేసుకోవాలి.

కుక్క బెల్టును చేతికి చుట్టుకోవద్దు. అది ఒక్కసారిగా లాగితే పెద్ద వయసువారు కింద పడి మణికట్టు, తుంటి ఎముక విరిగే ప్రమాదం ఉంది. బలమైన కుక్కను పట్టుకునే పని ఇంట్లో వయసులో ఉన్నవారికి ఇవ్వండి. అమ్మమ్మ, తాతయ్యలు పక్కన నడిస్తే చాలు.

మన వరంగల్ ఎండలు మీకు చెప్పనక్కర లేదు. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూ ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఏడు గంటలలోపే నడక ముగించండి. సాయంత్రమైతే అరచేతి వెనుక భాగాన్ని రోడ్డు మీద ఆనించి చూడండి. ఐదు సెకండ్లు ఉంచలేకపోతే దాని కాళ్ళూ కాలతాయి. వడ్డేపల్లి చెరువు కట్ట వంటి చోట పొద్దున్నే నడవడం హాయిగా ఉంటుంది. పార్కులకు వెళ్ళేవారు కుక్కను రానిస్తారో లేదో గేటు దగ్గర ముందు అడగండి. సంచిలో పాత పేపరు పెట్టుకొని, అది చేసిన మలాన్ని ఎత్తివేయడం మన బాధ్యత. అందులోని నులిపురుగుల గుడ్లు మట్టిలో కలిసి, ఆడుకునే పిల్లల కడుపులోకి చేరతాయి.

తిండి సంగతి

మనం తినే కూరలో ఉల్లి, వెల్లుల్లి తప్పక ఉంటాయి. అవి కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్ కిడ్నీలను పాడు చేస్తాయి. చాక్లెట్ దానికి విషం. ఉడికిన కోడి ఎముకలు చీలికలై గొంతులో, పేగులో గుచ్చుకుంటాయి. మసాలా లేని అన్నం, ఉడికించిన గుడ్డు లేదా మాంసం, క్యారెట్, సొరకాయ ముక్కలు పెట్టవచ్చు. కొలత మాత్రం పశువైద్యుని అడగండి.

ఇక్కడ మనకూ ఒక పాఠం ఉంది. కుక్కకు కొలిచి పెట్టడం మొదలుపెట్టాక, మా ఇంట్లో మా కంచాల్లోని అన్నం కూడా కొలతకు వచ్చింది. పళ్ళెంలో సగం కూరలు, పావు వంతు అన్నం లేదా జొన్నరొట్టె, పావు వంతు పప్పు, గుడ్డు వంటివి.

దాని బరువు చూడడం సులభం. మీరు ఎత్తుకొని మిషన్ ఎక్కండి, తర్వాత ఒక్కరే ఎక్కండి. తేడాయే దాని బరువు. అంత బరువు ఎత్తలేనివారు పక్కటెముకలు తడిమి చూడండి. నొక్కకుండానే చేతికి తగిలితే సరైన బరువు, వెతుక్కోవలసి వస్తే ఎక్కువ బరువు.

టీకా లేని కుక్కతో నడక వద్దు

నేను ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు రేబిస్ వచ్చిన ఒక మనిషిని చూశాను. గ్లాసుతో నీళ్ళు తెస్తుంటేనే గొంతు పట్టేసి విలవిలలాడాడు. రెండు రోజులకు మించి బ్రతకలేదు. కరిచింది వాళ్ళ ఇంటి కుక్కే. "మన కుక్కే గదా సిస్టరమ్మా, దానికి పిచ్చేముంటది?" అని ఆయన భార్య అడిగిన మాట ఇన్నేళ్ళయినా నా చెవుల్లో ఉంది. లక్షణాలు కనబడిన తర్వాత రేబిస్‌కు చికిత్స లేనట్టే. ముందుగా టీకా వేస్తే మాత్రం అది రానే రాదు.

కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, తర్వాత డాక్టరు చెప్పిన సమయానికి బూస్టరు, ఆ పైన ఏటేటా టీకా వేయించాలి. జూలై 6న జూనోసిస్ దినం సందర్భంగా చాలాచోట్ల పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు. నులిపురుగుల మందు, గోమార్ల మందు కూడా మరువకండి.

ఏ కుక్క కరిచినా, గీరినా ఇలా చేయండి:

1. వెంటనే కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. ఇది సగం వైద్యం.
2. కారం, పసుపు, సున్నం, ఆకుపసరు పెట్టవద్దు. మంత్రం వేయించడానికి తిరగవద్దు.
3. అదే రోజు ఆస్పత్రికి రండి. కుక్కను పది రోజులు చూద్దామని ఆగవద్దు. ఇంజక్షన్లు మొదలుపెట్టి, దానిని గమనించండి.
4. రక్తం వచ్చిన గాయమైతే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయాలి.

బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లని భయపడి రానివారు ఇంకా ఉన్నారు. ఆ పాత మందు తయారీ మన దేశంలో 2004లోనే ఆగిపోయింది. ఇప్పుడు చేతికి నాలుగైదు సార్లు వేస్తారు. కోర్సు మధ్యలో ఆపకండి.

2023 మే నెలలో కాజీపేటలో ఒక చిన్న బాలుడు వీధికుక్కల దాడిలో చనిపోయిన సంగతి మనమెవరం మరచిపోలేదు. పిల్లలను కుక్కతో ఒంటరిగా బయటకు పంపవద్దు. వీధికుక్కలు ఎదురైతే పరుగెత్తకుండా, రాళ్ళు విసరకుండా నిలబడి, మెల్లగా వెనక్కి జరగాలి. తింటున్న కుక్కను, పిల్లలకు పాలిస్తున్న కుక్కను ముట్టుకోకూడదని ఇంట్లో పిల్లలకు నేర్పండి.

అందరికీ తలా ఒక పని

పొద్దుటి నడక నాన్నది, సాయంత్రం నడక అమ్మది, ఆదివారం ఆరాధన నుండి వచ్చాక చల్లబడ్డ వేళ అందరూ కలిసి. నీళ్ళ గిన్నె కడగడం పిల్లల వంతు, టీకా తేదీ గుర్తుపెట్టుకోవడం తాతయ్య వంతు. గోడ మీది క్యాలెండరులో నడిచిన రోజున ఒక గీత గీయండి. నెలాఖరుకు ఇరవై గీతలుంటే చాలా మంచిది. కుక్కను ముట్టుకున్న తర్వాత అందరూ చేతులు కడుక్కోవాలి. కేన్సర్ మందులు, డయాలసిస్ మీద ఉన్నవారిని దానిచేత నాకనివ్వవద్దు.

కుక్క లేనివారు నడక కోసమని తొందరపడి కొనకండి. అది పది, పన్నెండేళ్ళ బాధ్యత. పక్కింటి వారితో జత కట్టి నడిచినా ఫలితం ఒకటే. కుక్క ఉన్నవారు మాత్రం రేపు పొద్దున దాని గొలుసు విప్పి, బెల్టు వేసి, గేటు తీయండి. వచ్చే నెల ఓ.పి.లో "నడుస్తున్నారా?" అని తప్పక అడుగుతాను.

— నర్సింగ్ సూపరింటెండెంట్