వార్తల్లో పదం: తోటివారి శిక్షణ

నిపుణుడు వచ్చి ఉపన్యసించడం కాకుండా, అదే పరిస్థితిలోంచి వచ్చిన వ్యక్తే తనవాళ్లకు నేర్పితే అది తోటివారి శిక్షణ (పీర్ ట్రైనింగ్).

తెలుగునాట దీనికి పెద్ద ఉదాహరణ సీఆర్పీ, అంటే కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్. పొదుపు సంఘంలో చేరి, అప్పు తెచ్చి తీర్చి, నిలదొక్కుకున్న మహిళే పక్క ఊరికి వెళ్లి సంఘం కట్టిస్తుంది. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాయిదాలు, పుస్తకాల నిర్వహణ: ఈ పంచసూత్రాలే పాఠం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ‘సెర్ప్’ ఈ పద్ధతిని విస్తరించింది. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ వచ్చాక మన సీఆర్పీలు ఇతర రాష్ట్రాలకూ వెళ్లి నేర్పారు.

కౌమార వయసువారికైతే 2014 జనవరి 7న మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం ఉంది. పోషకాహారం, మత్తు, మానసిక ఆరోగ్యం వంటి విషయాలను తోటి పిల్లలే చర్చకు పెడతారు.

బీడీలు చుట్టే జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల్లో, మరమగ్గాల సిరిసిల్లలో, గల్ఫ్ వలస ఇళ్లలో అప్పు, ఒత్తిడి గురించి చాలామంది బయటివాళ్లతో నోరు విప్పరు. తోటివాళ్లతోనైతే చెప్పుకొంటారు; తోటివారి శిక్షణ ఉపయోగపడేది అక్కడే. అయితే వైద్యం అవసరమైతే వెంటనే ఆస్పత్రికి పంపడమూ ఈ శిక్షణలో భాగం కావాలి.