ఆపాకు మళ్ళీ సూదెందుకు?

మౌలాలి గుట్ట కింద మా పక్కింటి ఆపా ఉమ్రాకు బయల్దేరుతున్నారు. "నాలుగేళ్ళ కింద హజ్‌కి వెళ్ళినప్పుడు మెనింజైటిస్ సూది వేసుకున్నా గదా చెల్లీ, మళ్ళీ ఎందుకు?" అంటూ పాత కార్డు చూపించారు.

ఇది మెదడు పొరల వాపు. దోమల వల్ల పిల్లలకొచ్చే మెదడువాపు వేరు సుమండీ! 2000, 2001 హజ్‌లలో డబ్ల్యు-135 రకం సోకి, తిరిగొచ్చిన వాళ్ళనుంచి ఇంట్లోవాళ్ళకీ అంటుకుంది. ఆ తర్వాతే నాలుగు రకాలకూ పనిచేసే టీకాను సౌదీ తప్పనిసరి చేసింది.

పాత టీకాలో ఉండేది సూక్ష్మజీవి పైనుండే చక్కెర పొర ఒక్కటే. దాన్ని మన ఒళ్ళు ఎక్కువకాలం గుర్తుపెట్టుకోదు. విచిత్రమేమిటంటే, అదే టీకా మళ్ళీ వేస్తే, ముఖ్యంగా సి రకం మీద, మొదటిసారంత బలం రాకపోవచ్చు. కొత్త కాంజుగేట్ టీకాలో ఆ చక్కెరకు మాంసకృత్తిని జతచేస్తారు. అప్పుడు జ్ఞాపకం నిలుస్తుంది, మళ్ళీ వేస్తే ఒళ్ళు చప్పున స్పందిస్తుంది.

అందుకే పాతదానికి మూడేళ్ళు, కొత్తదానికి అయిదేళ్ళు గడువు. కార్డు మీద ఏ రకమో రాయకపోతే మూడేళ్ళే లెక్క. ఆపా కార్డులో తారీఖుంది, ముద్ర ఉంది, రకం మాత్రం లేదు! ప్రయాణానికి పదిరోజుల ముందే వేయించుకోవాలి గనక రేపే వెళ్తున్నాం. ఈసారి రకం రాయించేదాకా కదిలేది లేదన్నారు ఆపా.