దస్త్రము తెఱచి యుంచవలెను, వేలిముద్ర మూసి యుంచవలెను

నెల్లూరు జిల్లాలోని తామ్రశాసనములను, శిలాశాసనములను బటర్‌వర్తు, వేణుగోపాలచెట్టి గారలు సేకరించి 1905వ సంవత్సరమున మూడు భాగములుగా ప్రకటించిరి. అందు మన యుదయగిరి, ఆత్మకూరు తాలూకాల శాసనములును కలవు. పూర్వులు భూమిని దానమిచ్చునపుడు ఇచ్చినవారి పేరును, పుచ్చుకొన్నవారి పేరును, ఎల్లలను రాతిపై చెక్కించి గుడి యొద్దనో ఊరిలోనో నిలుపుచుండిరి. పదిమంది కన్నులే ఆ హక్కునకు కావలి. ఆ రాతిని కొట్టులో పెట్టి తాళము వేసినచో దానివలన ప్రయోజన మేమి?

నేడు రాతికి మాఱుగా కంప్యూటరు వచ్చినది. 1984లో కరణముల పద్ధతి రద్దగు వఱకు గ్రామ లెక్కలు ఒకరి చేతిలో నుండెడివి. 2015లో మీభూమి వెబ్‌సైటు వెలసిన పిమ్మట రైతు తన అడంగలును, 1-బిని సెల్లులోనే చూచుకొను వీలు కలిగినది. ఇది మేలే. పాత కాగితము లున్నవిగదా యని నిశ్చింతగా నుండుటయు తగదు. 2024 జూలై 21వ తేదీ రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టరు కార్యాలయమున భూముల దస్త్రములు అగ్నికి ఆహుతియైన సంగతి పాఠకు లెఱుగుదురు.

అయినను, యంత్రములో వ్రాసిన దెల్ల నిజము కాదు. పూర్వము రీసెటిల్‌మెంటు కాలమున యజమాని యెవరో తేలని చోట్ల రిజిస్టరులో పేరునకు బదులు చుక్కలు పెట్టిరి. ఆ చుక్కల భూములను తరతరములుగా దున్నుకొను రైతులు, రిజిస్ట్రేషను చట్టము 22-ఎ క్రింది నిషేధపు పట్టికలో అవి చేరియున్నవని అమ్మబోయిననాడు గాని ఎఱుగరైరి. దీని పరిష్కారమునకై 2017లో ప్రత్యేక చట్టము చేయవలసి వచ్చినది. మన జిల్లాలోని కావలిలో 2023 మే 12వ తేదీన 2,06,171 ఎకరములకు నిషేధము తొలగించు కార్యక్రమము జరిగినది. 97,471 కుటుంబములకు ఇందువలన మేలని నాడు ప్రభుత్వము తెలిపినది. పట్టిక మొదటనే ఊరిలో చదివి వినిపించియుండినచో ఇన్ని కుటుంబములు ఇంతకాలము వేచియుండవలసిన పని లేకపోవును.

కావున ప్రభుత్వపు వ్రాతలు బహిరంగముగా నుండవలెను. 2021 ఆగస్టులో మన రాష్ట్ర ప్రభుత్వము తన ఉత్తరువులను వెబ్‌సైటులో నుంచుట మానినది. 2024 ఆగస్టులో గాని ఆ పద్ధతి మరల మొదలు కాలేదు. ఈ నడుమ కాలముననే, 2023 అక్టోబరు 31వ తేదీన, భూహక్కుల చట్టము అమలులోనికి వచ్చినది. హక్కు తగవులను సివిలు కోర్టులనుండి తప్పించి అధికారుల యెదుట పెట్టుచున్నదని న్యాయవాదులు దానిని ప్రతిఘటించిరి. 2024లో అది రద్దయ్యెను. ఆ చట్టముపై అభిప్రాయములు వేఱుగా నుండవచ్చును. కాని భూమిని గూర్చిన ఉత్తరువు రైతుకు కనబడకుండుట యే పక్షమువారికిని శోభ కాదు.

దాచవలసినది వేఱొకటి యున్నది. అది రైతు వేలిముద్ర. తెలంగాణమున పెద్దపల్లి జిల్లా ధర్మారములో 2018లో బయటపడిన మోసమును గమనింపుడు. సిమ్‌కార్డుల నమ్మువాడొకడు రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటునుండి భూమి దస్తావేజుల ప్రతులను తీసికొని, వానిపైనున్న వేలిముద్రలనుబట్టి రబ్బరు ముద్రలు చేసి, వేలకొలది సిమ్‌కార్డులను పని చేయించెను. అనగా, కొన్నందుకు సాక్ష్యముగా రైతు వేసిన ముద్రయే దొంగ చేతి పనిముట్టయ్యెను! ఆధారు మూలమున సొమ్ము తీయు పద్ధతిలో ఆధారు సంఖ్య, బ్యాంకు పేరు, వేలిముద్ర యున్న చాలును, ఓటీపీ యడుగదు. తరువాతి కాలమున యంత్రములలో జాగ్రత్తలు పెరిగినవి. అయినను, రహస్యసంఖ్య బయటపడినచో మార్చుకొనవచ్చును గాని వ్రేలిని మార్చుకొనుట యెట్లు?

సభ్యులు చేయదగినవి కొన్ని కలవు. ఆధారు సంస్థవారి వెబ్‌సైటులో గాని యాప్‌లో గాని వేలిముద్రకు తాళము వేసికొనవచ్చును. పింఛనుకో బియ్యమునకో కావలసినపుడు తీయవచ్చును. ప్రతి చోటను పూర్తి ఆధారు ప్రతి నీయక, చివరి నాలుగంకెలు మాత్రమే కనబడు ప్రతి చాలునేమో యడుగవలెను. సొమ్ము పోయినట్లు తెలిసిన తక్షణమే 1930 సంఖ్యకు ఫోను చేసి, బ్యాంకునకు వ్రాతమూలముగా తెలుపవలెను. ఏడాది కొకసారియైన అడంగలును, 1-బిని, నిషేధపు పట్టికను చూచి, తప్పున్నచో తహశీల్దారుకు అర్జీ పెట్టి రసీదు తీసికొనవలెను.

సంఘముల బాధ్యతయు తక్కువ కాదు. దేశములోని 63,000 ప్రాథమిక సంఘములకు కంప్యూటర్ల నమర్చుటకు కేంద్రప్రభుత్వము 2022 జూన్‌లో 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. అప్పు దరఖాస్తులతో చేరిన సభ్యుల ఆధారు ప్రతులు, పాసుపుస్తకముల నకళ్లు బల్లలపై చెల్లాచెదరుగా పడియుండిన, యంత్ర మెంత గొప్పదైనను ఫలమేమి? వానిని బీరువాలో భద్రపఱచి, పని తీరినవానిని సభ్యుని యెదుట చించివేయవలెను. నిషేధపు పట్టికను మాత్రము తలుపుమీద అంటించి, చదువురానివారికి మహాజనసభలో చదివి వినిపించవలెను. రాబోవు సభలో సభ్యులు ఈ రెండు తీర్మానములను ప్రతిపాదింతురు గాక.